గానుగ నూనె వ్యాపారం: అమ్మకాలు బాగున్నా చేతిలో డబ్బు ఎందుకు ఆడదు?

బెంగళూరులో ఉద్యోగం మానేసి తిరుపతిలో గానుగ పెడదామనుకుంటున్నాను, చేతిలో 8 లక్షలున్నాయి, యాత్రికుల రద్దీ కలిసొస్తుందా, మొదటి ఏడాది దేని గురించి జాగ్రత్తపడాలి అని అడిగారు. నేను తిరుపతిలో ఇదే పని చేస్తున్నాను. పీలేరు వైపు రైతుల దగ్గర శెనక్కాయలు కొని, నూనె ఆడించి అమ్ముతాను. ఈ పనిలో నాకు అర్థమైంది చెప్తాను.

ముందు యాత్రికుల సంగతి. కొండకు రోజూ అరవై డెబ్బై వేల మంది వస్తారు, అందులో నూటికొకరు కొన్నా చాలు కదా అని చాలామంది లెక్కేస్తారు. దర్శనం చేసుకుని రైలెక్కే మనిషి నూనె డబ్బా మోసుకుపోడు. మన దగ్గర కొనేది కొర్లగుంటలో, బైరాగిపట్టెడలో, తిరుచానూరు రోడ్డులో కాపురముండేవాళ్లు. పెరటాసి నెల శనివారాల్లో తళిగ (స్వామికి నైవేద్యం) వేసేటప్పుడు వడలకు, దీపావళికి, సంక్రాంతికి వాళ్లే వస్తారు. నూనె నచ్చితే నెలనెలా వాళ్లే వస్తారు. కాబట్టి బస్టాండు దగ్గరో గాంధీ రోడ్డులోనో పెద్ద అద్దె కట్టొద్దు. ఇళ్లున్న వీధిలో, బండి ఆపుకోవడానికి చోటుంటే చాలు.

ఇక అసలు విషయం. ఈ వ్యాపారంలో నూనె అమ్ముడుపోదేమో అన్న భయం కంటే, డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో చూసుకోవడం ముఖ్యం. ఒక లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల శెనక్కాయ పప్పు పడుతుంది. కాయ ఎండిన తీరును బట్టి అటూ ఇటూ అవుతుంది. పప్పు కిలో 130 రూపాయలు అనుకుంటే, పప్పుకే 325. లీటరు 360కి అమ్మితే మిగిలేది 35. అందులోనే సీసా, కరెంటు, కూలి, అద్దె. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అదే పప్పు నుంచి కిలోన్నర దాకా చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి, పశువుల మేతకు పోతుంది) వస్తుంది. కిలో 40కి పోయినా 60 రూపాయలు. అంటే ఈ వ్యాపారంలో మిమ్మల్ని నిలబెట్టేది చెక్క. నూనె కొనేవాళ్లను వెతికినంత శ్రద్ధగా చెక్క కొనేవాళ్లను కూడా ముందే వెతుక్కోండి. వానాకాలంలో నిల్వ ఉంటే బూజు పడుతుంది, దాన్ని ఆవులకు పెట్టకూడదు.

చెక్క కొనేది పాడి రైతులు. మన జిల్లాల్లో పాడికి కొదవలేదు, గిరాకీ ఉంటుంది. కానీ వాళ్లకు డబ్బు పాల బిల్లు పడ్డప్పుడే వస్తుంది. చాలాచోట్ల అది పది, పదిహేను రోజులకొకసారి. "అక్కా, బిల్లు పడ్డాక ఇస్తాం" అంటే అది ఎగ్గొట్టే మాట కాదు, వాళ్ల ఇంట్లో డబ్బు తిరిగే పద్ధతే అది. నేను వాళ్లకు అరువిస్తాను, బిల్లు తేదీ అడిగి మరీ పుస్తకంలో రాసుకుంటాను. తేదీ లేని అరువు మాత్రం ఎవరికీ ఇవ్వను. హోటళ్లు, సూపర్ మార్కెట్లు నెలల తరబడి ఆపితే మన దగ్గర పప్పు కొనడానికి డబ్బుండదు. అలాంటి పెద్ద ఆర్డరు వస్తే సంతోషపడేముందు బిల్లు ఎన్ని రోజులకు ఇస్తారని అడగండి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉన్న చిన్న ఉత్పత్తిదారుకు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెప్తుంది. ఆ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, మొదటి వారంలోనే చేయించుకోండి. అయినా మొహమాటం లేకుండా ముందే అడగడమే నాకు ఎక్కువ పనికొచ్చింది.

డబ్బు ఇరుక్కునే రెండో చోటు కాయ. ఖరీఫ్ పంట ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల చేతికొస్తుంది. నాణ్యమైన కాయ అప్పుడే దొరుకుతుంది, మామూలుగా ధర కూడా అప్పుడే అందుబాటులో ఉంటుంది. ఆ రెండు మూడు నెలల్లో కొనగలిగినంత కొని పెట్టుకోవాలి, అంటే అమ్మకం ఏడాది పొడవునా, ఖర్చు మాత్రం ఒక్కసారే. కాయలుగానే నిల్వ చేయండి, పప్పు కొట్టించి పెడితే పురుగు పడుతుంది, చేదెక్కుతుంది. వంద కిలోల కాయకు డెబ్బై కిలోల దాకా పప్పు దిగుతుంది. అది కూడా సంచి విప్పి, గుప్పెడు కాయ కొట్టి, పప్పు తూచి చూశాకే బేరం. గుప్పెడు కాయ చెవి దగ్గర ఆడిస్తే, బాగా ఎండిన కాయలో పప్పు గలగలలాడుతుంది.

నాణ్యత గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మనం రిఫైన్ చెయ్యం. బూజు పట్టిన పప్పులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, రిఫైనరీలో అది చాలావరకు పోతుంది, గానుగ నూనెలో మిగిలిపోతుంది. అందుకే ముడుచుకుపోయిన, నల్లబడిన, పచ్చని బూజున్న పప్పును చేత్తో ఏరాల్సిందే. మా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు చాటల్లో పోసుకుని ఏరుతారు. ఈ కూలిని మిగుల్చుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. మన నూనె పసిపిల్లలున్న ఇంటికి కూడా వెళ్తుంది. ఆడిన నూనెను కూడా వెంటనే సీసాకెత్తకూడదు. స్టీలు డ్రమ్ముల్లో కొన్ని రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేరిన నూనెను వస్త్రంతో వడకట్టుకోవచ్చు. అంటే ఆ డ్రమ్ముల్లో కూడా మీ డబ్బు నిద్రపోతున్నట్టే, దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

కొత్త కస్టమర్లతో తరచూ వచ్చే తకరారు ఒకటుంది. లీటరు వేరుశనగ నూనె తూస్తే సుమారు 910 గ్రాములే ఉంటుంది. ఇంటికెళ్లి తూచి, తక్కువిచ్చారని వస్తారు. సీసా మీద లీటరూ గ్రాములూ రెండూ వేస్తే ఆ మాటే రాదు.

కాగితాల పనికి టెన్షన్ పడకండి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు టర్నోవరుకు ఫీజు 100 రూపాయలు. నూనె విడిగా పోసి అమ్మకూడదు, ప్యాక్ చేసి లేబుల్ వేయాలి. తూకానికి తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఆంధ్రలో సరుకు అమ్మేవారికి జీఎస్టీ పరిమితి 40 లక్షలు, కానీ హోటళ్లు మీ దగ్గర జీఎస్టీ బిల్లు అడిగే అవకాశముంది. సబ్సిడీ గురించి మాత్రం సరిగ్గా అర్థం చేసుకోండి. చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్రం పెట్టిన పథకంలోనైనా, పీఎంఈజీపీ అనే స్వయం ఉపాధి పథకంలోనైనా అది బ్యాంకు అప్పుతో ముడిపడి ఉంటుంది. మూడేళ్లు అప్పు సక్రమంగా కట్టాక లోను ఖాతాలో సర్దుతారు. పప్పు కొనడానికి చేతికొచ్చే డబ్బు కాదు.

8 లక్షల్లో సగానికి మించి మిషనుకు, షాపుకు పెట్టొద్దని నా మాట. ఇంకా చెప్పాలంటే, ఉద్యోగం మానక ముందే ఒక సీజను కూలికి ఆడించుకుని చూడండి. మన కాయ తీసుకెళ్తే కిలోకింత అని తీసుకుని ఆడిచ్చే గానుగలు చాలా ఊళ్లలో ఉన్నాయి. ఆడేటప్పుడు పక్కనే నిలబడండి, పప్పు మరీ ఎండితే ఎంత నీళ్లు చిలకరిస్తారో, ఎప్పుడు నూనె విడుస్తుందో కళ్లతో చూడండి, చెక్క వదిలేయకుండా తూచి తెచ్చుకోండి. ఆ నూనెను బంధువులకు కాకుండా తెలియనివాళ్లకు అమ్మండి. వాళ్లలో ఎందరు రెండో నెల మళ్లీ ఫోన్ చేశారో రాసి పెట్టుకుని నాకు చెప్పండి, మిషను ఏ సైజుది కొనాలో అప్పుడు మాట్లాడుకుందాం.