విక్టోరియా కాలపు సర్కస్ నవల రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

పిల్లల కోసం రాస్తున్న నవలలోంచి నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. కథ వేగంగా నడుస్తోంది, సంభాషణలు బాగున్నాయి, నీ హీరోయిన్ పిల్ల తలపొగరు నాకు మరీ నచ్చింది. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా: ఈ కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో నాకు అర్థం కాలేదు. నీకూ తెలియదనే నా అనుమానం.

మొదటి అధ్యాయంలో వాన్ ఆంబర్గ్ అనే అమెరికా సింహాల ఆటగాడు బోనులోకి దిగుతుంటే విక్టోరియా రాణి కూర్చుని చూస్తోంది. అది 1839 నాటి మాట. రెండో అధ్యాయంలో నీ హీరోయిన్ ఒక ఊయల వదిలి గాల్లోనే ఇంకో ఊయల అందుకుంటోంది. జూల్ లియోటార్ ఆ విద్యను పారిస్‌లో మొదటిసారి చూపించింది 1859లో. మూడో అధ్యాయంలో ఫిరంగిలోంచి ఒక అమ్మాయి దూసుకొచ్చింది. లండన్ జనం అది చూసింది 1877లో. అంటే మూడు అధ్యాయాలు తిరిగేసరికి ముప్పై ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి, నీ పిల్లకి మాత్రం ఇంకా పదమూడేళ్ళే!

విక్టోరియా కాలం అంటే 1837 నుంచి 1901 దాకా. మొదట్లో గుర్రబ్బండి, చివరికి వచ్చేసరికి కరెంటు దీపాలు, సినిమా బొమ్మలు. మన దగ్గర కొందరు 'బ్రిటిష్ వాళ్ళ కాలంలో' అని మొదలుపెట్టి కథ ఎక్కడికైనా లాక్కుపోతారు చూడు, నీ రాతప్రతిలో జరుగుతున్నదీ అదే. కాబట్టి ముందు ఒక సంవత్సరం తేల్చుకో. నేను చెప్పదలుచుకున్నదంతా దాదాపు ఇదే. పిల్లకి ఏం ప్రమాదం వస్తుంది, ఎవరిని చూసి దాక్కోవాలి, పారిపోవాలంటే రైలుందా, ఆట డేరాలోనా చెక్క కట్టడంలోనా, వీటన్నిటికీ జవాబు ఆ సంవత్సరమే ఇస్తుంది.

నీ కథకి పనికొచ్చే ఏళ్ళు నాకు రెండు కనిపిస్తున్నాయి.

ఒకటి 1843. ఆ ఏడాది ఫిబ్రవరి 14న రోచ్‌డేల్ అనే ఊళ్ళో పాబ్లో ఫాంక్ సర్కస్ ఆట జరిగింది. దాని పోస్టరు ఇప్పటికీ ప్రసిద్ధం. జాంథస్ అనే గుర్రం పేరు కూడా అందులో అచ్చయి ఉంది. ఫాంక్ అసలు పేరు విలియం డార్బీ, నారిచ్‌లో పుట్టిన నల్లజాతి మనిషి. ఆ కాలపు ఇంగ్లండ్‌లో సొంత సర్కస్ నడిపి పేరు తెచ్చుకున్నాడు. 1848లో లీడ్స్‌లో ఆట జరుగుతుండగా జనం కూర్చున్న గ్యాలరీ కూలి, ఆయన భార్య చనిపోయింది. అప్పట్లో చాలా ఆటలు ఊరూరా హడావుడిగా లేపిన చెక్క కట్టడాల్లోనే. అమెరికా కంపెనీలు 1840లలో వచ్చాక గానీ ఇంగ్లండ్‌లో గుడారాల వాడకం పెరగలేదు. ఈ ఏడాది తీసుకుంటే నీ నవలకి ముఖ్యమైన భయాలు రెండు: కూలడం, కాలడం. లండన్‌లోని ఆస్ట్లీస్ ఆటశాల 1794లో, 1803లో, 1841లో, మూడుసార్లు తగలబడింది. మూడోసారి మంటలు దాన్ని నడుపుతున్న ఆండ్రూ డుక్రో అనే మహా రౌతును కుంగదీశాయి. మరుసటి ఏడాదే పోయాడు.

రెండోది 1879. నా ఓటు దీనికే. కారణం ఒక చట్టం.

ఆ ఫిరంగి పిల్ల సంగతి నువ్వు చదివే ఉంటావు. ఆటలో పేరు జాజెల్, అసలు పేరు రోసా రిక్టర్. చిన్న పిల్లే. లండన్ వెస్ట్‌మినిస్టర్‌లోని రాయల్ అక్వేరియం అనే వినోదశాలలో ఆమెను ఫిరంగిలో పెట్టి వల మీదికి విసిరేవాళ్ళు. ఇక్కడ నువ్వొకటి సరిచేసుకోవాలి. ఆమెను తోసేది మందుగుండు కాదు, లోపల బిగించిన స్ప్రింగు. పొగా చప్పుడూ జనం కోసం. ఇలాంటి ఆటల మీద పత్రికల్లో, పార్లమెంటులో గొడవ రేగి, చివరికి 1879లో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల చేత ప్రమాదకరమైన ప్రదర్శనలు చేయించకూడదని చట్టం వచ్చింది.

ఇప్పుడు నీ హీరోయిన్‌ని చూడు. పదమూడేళ్ళు దాటాయి, పద్నాలుగు నిండలేదు. ఇంట్లో సంపాదన ఆమెది. చట్టం ఆమెను కాపాడటానికే వచ్చింది, అదే ఆమె తిండి లాక్కుంటోంది. యజమాని 'పద్నాలుగు నిండాయని చెప్పు' అంటాడు. నిండలేదని నిరూపించాలని ఇంకొకరు తిరుగుతుంటారు. మరి వయసు తేలేదెలా? ఇంగ్లండ్‌లో జననాల రిజిస్టరు 1837లోనే మొదలైంది గానీ, నమోదు చేయించకపోతే జరిమానా అన్నది 1875 నుంచే గట్టిగా అమలైంది. నీ పిల్ల పుట్టింది 1866లో, బండి మీద, రెండు ఊళ్ళ మధ్య. పేరు ఏ రిజిస్టరులో ఉందో, అసలు ఉందో లేదో. ఏదో పల్లెటూరి చర్చిలో బాప్టిజం పుస్తకంలో ఒక్క పంక్తి మిగిలి ఉండొచ్చు. అదిగో నీ సాహసయాత్ర! దాచిపెట్టిన వజ్రాల కంటే ఆ ఒక్క పంక్తి కోసం పరుగెత్తడం ఎంత బాగుంటుందో ఆలోచించు. రెండో అధ్యాయంలో నువ్వు తెచ్చిన వజ్రాల పెట్టెను దయచేసి తీసెయ్. అలాంటి పెట్టెలు పిల్లలు చాలా చూశారు.

పైగా మరుసటి ఏడాది, 1880లో, అయిదు నుంచి పదేళ్ళ పిల్లలంతా బడికి వెళ్ళి తీరాలన్నారు. నీ హీరోయిన్ తమ్ముణ్ణి వెతుక్కుంటూ బడి హాజరు చూసే ఉద్యోగి కూడా రావచ్చు. ఆయన్ని దుర్మార్గుడిగా మార్చకు. ఆయన చెప్పేది న్యాయమే. వాళ్ళ ఆకలి నిజమే. ఇద్దరివైపూ న్యాయం ఉన్న గొడవ పదేళ్ళ పిల్లలకి అర్థం కాదని కొందరు సంపాదకులు అంటారు. నేను ఒప్పుకోను. ఇంట్లో అమ్మానాన్నల వాదన రోజూ వినే పిల్లలకి అది అర్థం కాకపోవడమేమిటి?

ఇంకో సంగతి. నీ సర్కస్‌లో సింహాలు ఎక్కువ, గుర్రాలు తక్కువ. లెక్క తిరగెయ్యి. ఆ సర్కస్‌కి ప్రాణం గుర్రం. సర్కస్‌ను మొదలుపెట్టిన ఫిలిప్ ఆస్ట్లీ అశ్వికదళంలో సార్జెంటు. 1768లో లండన్‌లో రౌతుల బడి పెట్టి గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతూ వీపు మీద నిలబడి విన్యాసాలు చేశాడు. గుర్రం వలయంలో ఒకే లయతో పరుగెత్తుతుంటే, లోపలికి వాలి నిలబడ్డ మనిషికి పట్టు దొరుకుతుంది. ఆ వలయం కొలత 42 అడుగుల దగ్గర స్థిరపడింది, ఇవాళ్టికీ అదే. నీ పిల్లకి ఆ 42 అడుగులు తన అరచేయంత బాగా తెలియాలి. గుర్రం ఎక్కడ అడుగు తడబడుతుందో, రంపపుపొట్టు ఎక్కడ పలచబడిందో, కాలు జారకుండా గుర్రం వీపు మీద చల్లే జిగురు పొడి ఎప్పుడు తక్కువైందో. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నడుముకు తాడు కట్టి పైనుంచి పట్టుకుంటారు. ఆ తాడు మొదటిసారి విప్పిన రోజును ఒక అధ్యాయం అంతా రాయొచ్చు. రాసే ముందు ఆ పిల్ల పొద్దున లేచినప్పటి నుంచి చేసే పనులు వరసగా కాగితం మీద పెట్టుకో. నీళ్ళు మోయడం, గుర్రాన్ని తోమడం, చిరిగిన జరీ బట్టలు కుట్టుకోవడం, తమ్ముడికి పేలు చూడటం. పని చేసే పిల్లనే పాఠకుడు నమ్ముతాడు. ఆపద వచ్చినప్పుడు ఆమెను కాపాడేది కూడా ఈ పనిలో నేర్చిందే అయి ఉండాలి, చివరి నిమిషంలో ఊడిపడే మంచి దొర కాదు. మూడో అధ్యాయంలో ఆ దొర వచ్చేశాడు. పంపించెయ్.

జంతువుల దగ్గర జాగ్రత్త. మన పిల్లలు సర్కస్‌లో సింహాన్ని చూడలేదు. 1998 తర్వాత మన దేశంలో సింహాలను, పులులను, ఎలుగుబంట్లను ఆడించకూడదన్నారు కదా. కాబట్టి బోను వాసన దగ్గర్నుంచీ అన్నీ నువ్వే చూపించాలి. 1850లో చాథమ్‌లో ఎలెన్ బ్లైట్ అనే పదిహేడేళ్ళ అమ్మాయిని, 'సింహాల రాణి' అని పేరు, ఆటలో పులి చంపేసింది. నీ 1879 కథలో ఎవరో ముసలావిడ ఆ సంగతి గుసగుసగా చెప్పొచ్చు. కొరడాను దాచకు, దాని మీద ఉపన్యాసమూ ఇవ్వకు. ఆ పిల్ల కొరడాను మామూలుగా చూసే పిల్లే. ఒకరోజు మామూలుగా చూడలేకపోతుంది, అంతే చాలు.

ఇక నీ తెలుగు కుర్రాడు. తెలుగు నవల కాబట్టి తెలుగువాడు ఉండాలని ఎవరు చెప్పారో గానీ, వాడు లండన్‌లో ఊరికే ఎలా ప్రత్యక్షమయ్యాడు? దారి ఉంది, అది చూపించు. మన తీరం నుంచి, బెంగాల్ నుంచి, బొంబాయి నుంచి ఓడ కూలీలుగా వెళ్ళినవాళ్ళు తిరుగు ఓడ దొరక్క లండన్ రేవు వీధుల్లో చలికి వణికేవాళ్ళు. అలాంటివాళ్ళ కోసం 1857లో లైమ్‌హౌస్‌లో ఒక ఆశ్రయం తెరిచారు. నీ కుర్రాడు అక్కడి నుంచి తప్పించుకుని సర్కస్ చేరితే నమ్ముతాను. వాడికంటే ముందు రామో సామీ అనే భారతీయ గారడీవాడు ఇత్తడి బంతులు ఎగరేసి, కత్తి మింగి లండన్‌ను ఊపేశాడు. 1850లో చనిపోయేనాటికి పాతిపెట్టడానికి కూడా డబ్బుల్లేక భార్య చందాలు అడగాల్సి వచ్చింది. ఆ పేరు నీ కుర్రాడి చెవిన పడాలి. ఇంకో దృశ్యం నన్ను ఊరిస్తోంది: ముఖానికి గోధుమరంగు పూసుకుని, తలపాగా చుట్టుకున్న తెల్లవాడు 'భారతీయ రాజు'గా గుర్రమెక్కి వస్తుంటే నిజమైన భారతీయ కుర్రాడు పక్కన నిలబడి గుర్రం పేడ ఎత్తుతుంటాడు. ఆస్ట్లీస్‌లో మన యుద్ధాలను అలా ఆడిన మాట నిజమే, శ్రీరంగపట్నం ముట్టడితో సహా. ఆ దృశ్యం నువ్వు బాగా రాయగలవు, అక్కడ వాడు ఒక్క మాట కూడా మాట్లాడకుండా చూడు.

నువ్వు ఫోన్లో అడిగావు గదా, మన కోడి రామ్మూర్తి నాయుడుగారిని ఎక్కడైనా తేవచ్చా అని. ఆయన పుట్టింది 1882లో తల్లీ! అంత ఆశ ఉంటే వేరే నవల రాయి. దానికి బొంబాయి నుంచి మొదలుపెట్టు: కియారిని అనే ఇటలీవాడి సర్కస్ 1879లో అక్కడ ఆడింది, అది చూసి పట్టుదలతో విష్ణుపంత్ ఛత్రే 1880లో మన దేశపు మొదటి సర్కస్ పెట్టాడు. చూశావా, ఇక్కడా 1879 కలిసొచ్చింది.

మాటల గురించి రెండు ముక్కలు. లండన్ బండివాళ్ళ చేత గోదావరి యాస పలికించావు, నవ్వొచ్చింది గానీ నమ్మకం పోయింది. మామూలు వాడుక తెలుగులో మాట్లాడనీ, యజమాని దగ్గర ఒకలా, తమలో తాము ఒకలా. డబ్బు షిల్లింగుల్లో, పెన్నీల్లోనే ఉంచు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. రూపాయల్లోకి మార్చకు. ఒక పెన్నీతో రొట్టెముక్క దొరుకుతుందా లేదా అన్నది ఒకచోట చూపిస్తే మిగతాది పిల్లలే లెక్కేసుకుంటారు.

ఆధారాలకి షెఫీల్డ్ యూనివర్సిటీలో సర్కస్, జాతరల సేకరణ ఉంది. ఇంటర్నెట్లో కొంత చూడొచ్చు. పాత పోస్టర్లు చూడు, వాటి అబద్ధాల భాష నీకు పనికొస్తుంది. జార్జ్ సాంగర్ అనే యజమాని స్వయంగా చెప్పుకున్న జీవితకథ కూడా దొరుకుతుంది. ఎవరూ ఇవ్వకుండానే పేరు ముందు 'లార్డ్' తగిలించుకున్న మనిషి, కాబట్టి ఆయన గొప్పల్లో సగం వదిలేసి చదువు. ఆటల సంగతులు, దారి కష్టాలు మాత్రం ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. చదివినదంతా కథలో దిమ్మరించకు. అధ్యాయానికి ఒకటో రెండో ముక్కలు, అవి కూడా పిల్ల చేతికో కాలికో తగిలేవి.

ఆదివారం లోపు మొదటి అధ్యాయం మళ్ళీ రాసి పంపు. పైన తారీఖు వెయ్యి, నీ కోసమే, అచ్చులో తీసేద్దాం. వాన్ ఆంబర్గ్‌ని, రాణిగారిని తీసేశాక మొదటి పేజీలో ఎవరు మిగులుతారో నాకు చూడాలని ఉంది. ఫోన్లో వద్దు, నా కళ్ళకి కష్టం. పెద్ద అక్షరాలతో ప్రింట్ తీయించు, పక్కన దిద్దడానికి జాగా వదులు.

పెద్దమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

మీ పెదనాన్న