కొత్త ఇంజను బిగించిన అల్లుడికి

కళింగపట్నం

చి. అల్లుడికి మామయ్య దీవెనలు.

పడవ వెనక ఇంజను బిగించావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. 9.9 హెచ్‌పీ, ఫోర్ స్ట్రోక్ అంది. నీ చిన్న తెరచాప పడవకి అది చాలు, ఇంకా పెద్దది ఉంటే బాగుండునని ఎవరన్నా పట్టించుకోకు. ఇంజను రాగానే చాపా తెడ్లూ ఇంటి చూరులో పెట్టేసే కుర్రాళ్లని చూస్తున్నాను. నువ్వు మాత్రం ఆ పని చేయకు. నడిసముద్రంలో ఇంజను మొరాయిస్తే నిన్ను ఒడ్డుకి చేర్చేవి అవే. గాలి ఉన్నంతసేపూ చాప మీదే పో. గాలి పడిపోయినప్పుడు, నది సముద్రంలో కలిసే మొగ దాటేటప్పుడు, మబ్బు కమ్మి తొందరగా ఇంటికి రావాల్సినప్పుడు ఇంజను వాడు. పెట్రోలూ మిగులుతుంది, చాప పట్టే చెయ్యీ మొద్దుబారదు.

మొదటి పది గంటలు ఓపిక పట్టు. మొదటి గంటంతా సగం వేగం దాటనివ్వకు. రెండో గంటలో ముప్పావు వరకు వెళ్లొచ్చు. ఆ తర్వాత కూడా పది గంటలు నిండేదాకా ఫుల్ స్పీడులో ఒక్కసారి ఐదు నిమిషాలకి మించి తోలకు. ఒకే వేగంలో కూడా ఉంచకు, పెంచుతూ తగ్గిస్తూ ఉండు. లోపలి ముక్కలు ఒకదానికొకటి కుదురుకునేది ఇప్పుడే. పాత టూ స్ట్రోక్ ఇంజన్ల వాళ్లు పెట్రోల్లో ఆయిల్ కలపమని చెబుతారు. వాళ్ల ఇంజనుకి అది ప్రాణం, నీ దానికి అక్కర్లేదు. నీ ఇంజనుకి ఆయిల్ వేరే ఉంటుంది. రోజూ బయల్దేరే ముందు కొలత పుల్ల తీసి చూసుకో. ఇరవై గంటలు తిరిగాక ఇంజను ఆయిలూ, గేర్ ఆయిలూ రెండూ మార్చు. ఆ తర్వాత వంద గంటలకోసారి చాలు.

గేర్ ఆయిల్ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మనం వలల మధ్య తిరిగేవాళ్లం. తెగిన వల దారం ప్రొపెల్లర్‌కి చుట్టుకుని వెనక్కి దూరి, నీళ్లు లోపలికి పోకుండా ఆపే సీలుని కోసేస్తుంది. బయటికి ఏమీ కనపడదు. అందుకే అప్పుడప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసి షాఫ్టు మీద దారం ఉందేమో చూడు. ఆయిల్ మార్చేటప్పుడు ముందు కింది స్క్రూ, తర్వాత పై స్క్రూ తియ్యి. దిగే ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్తున్నాయని అర్థం. సీలు మార్చేదాకా పడవ దించకు. కొత్త ఆయిల్ కింది కన్నంలోంచి ఎక్కించు, పై కన్నంలోంచి పొర్లేదాకా. పై స్క్రూ బిగించాకే కింద ట్యూబు తీసి ఆ స్క్రూ పెట్టు.

ఇంజను స్టార్ట్ కాగానే నీ చూపు పక్కనుంచి సన్నగా చిమ్మే నీటి ధార మీద ఉండాలి. అది రాకపోతే వెంటనే ఆపు. కింద నీళ్లు పీల్చే కన్నాలకి ఇసుకో ప్లాస్టిక్ కవరో అడ్డుపడి ఉంటుంది. అది చూడకుండా తోలితే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. ఇంటికొచ్చాక ఉప్పు కడగడం ఒక్కరోజు కూడా మానకు. డ్రమ్ము సగానికి కోసి మంచినీళ్లు నింపి, నీళ్లు పీల్చే కన్నాలు బాగా మునిగేలా ఇంజను దించి, న్యూట్రల్‌లో పది నిమిషాలు తిరగనివ్వు. చివర్లో పెట్రోల్ పైపు తీసేసి, దానంతటదే ఆగేదాకా వదిలెయ్. కార్బురేటర్లో పెట్రోల్ మిగలదు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, అది చెమ్మని పీల్చుకుంటుంది. నిల్వ పెట్రోల్ వాడకు. ట్యాంకులో పోసేటప్పుడు వడకట్టు.

ఇక మొగ. కోనాడ దగ్గర చంపావతి మొగ అయినా, ఇక్కడ వంశధార మొగ అయినా ఇసుక దిబ్బ ఒక్కచోట ఉండదు. వరద వచ్చి వెళ్లిందంటే నిన్నటి దారి ఇవాళ ఉండదు. పాటు వేళ సముద్రం తగ్గి నీళ్లు బయటికి లాగుతుంటే ఎదురుగా వచ్చే కెరటం నిటారుగా లేస్తుంది, ఆ సమయంలో లోపలికి రావొద్దు. నీళ్లు పెరిగే పోటు కోసం ఆగు. కెరటాలు విరిగేచోటుకి ముందే ఇంజను స్టార్ట్ చేసి వేడెక్కనివ్వు. ట్యాంకు మూత మీది గాలి మర తెరిచి ఉందో లేదో చూడు, అది మూసి ఉంటే కాసేపటికి పెట్రోల్ అందక సరిగ్గా దిబ్బ మీదే ఆగిపోతుంది. చాప తాళ్లేవీ నీళ్లలో వేలాడకూడదు. తెడ్డు చేతికి అందేలా ఉండాలి. పెద్ద కెరటాన్ని ముందుకి పోనిచ్చి దాని వీపు మీద రా. దాన్ని దాటి ముందుకి దూకితే పడవ అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. ప్రొపెల్లర్ నీళ్లలోంచి లేచి ఇంజను అరిచిందంటే వెంటనే వేగం తగ్గించు.

ఇంజనుకి ఎర్ర తాడు ఉంటుంది చూడు, అది మణికట్టుకి తగిలించుకోకుండా ఎప్పుడూ తోలకు. ఒంటరిగా వెళ్లినప్పుడు మరీ ముఖ్యం. నువ్వు పడిపోతే పడవ నిన్ను వదిలి పోతుంది. ఆ తాడు లాగితే ఇంజను ఆగుతుంది. నా మాట మీద గౌరవం ఉంటే ఈ ఒక్కటీ మరిచిపోకు.

చాప మీద వెళ్లేటప్పుడు ఇంజను పైకి ఎత్తి ఉంచు, లేకపోతే ప్రొపెల్లర్ పడవని వెనక్కి లాగుతుంది. ఇంజను నలభై కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, అందుకని వలలూ ఐసు పెట్టె ముందుకి జరుపు. బిగింపు మరలు రోజూ చేత్తో తిప్పి చూడు, ఇంజనుకి విడిగా ఒక గట్టి తాడు కట్టి పడవకి ముడెయ్యి. ట్యాంకులో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది ముట్టుకోకూడదు. ఫుల్ స్పీడులో గంటకి నాలుగు లీటర్ల దాకా తాగుతుంది, లెక్క వేసుకో.

ఇంకో సంగతి. ఇంజను లేని పడవలకి వేట నిషేధం లేదు. ఇప్పుడు నీకు ఉంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. మత్స్యశాఖ ఆఫీసులో రిజిస్ట్రేషన్ కాయితాలు ఆలస్యం చేయకుండా చేయించు. ఆ రెండు నెలలూ ఇంజను ఇంట్లో నిలబెట్టి ఉంచు. పడుకోబెట్టాల్సి వస్తే ఇంజనుతో ఇచ్చిన పుస్తకంలో చూపించిన వైపే పడుకోబెట్టు, లేకపోతే ఆయిల్ సిలిండర్లోకి పోతుంది. నిషేధం మొదలవగానే ఇంజనుతో సహా ఆటోలో ఇక్కడికి వచ్చెయ్, ఇంజనుని ఉప్పునీళ్లు తినేయకుండా తను అరిగిపోయే జింకు ముక్క అడుగున ఉంటుంది, అది ఎంత అరిగిందో చూసి కొత్తది వేద్దాం. దానికి రంగు మాత్రం వేయకు.

మీ అత్త అడిగినట్టు చెప్పమంది.

మీ మామయ్య