పాత రూపు స్పీకర్లు: బేస్‌ను ఎలా పోల్చాలి?

ప్రశ్న: మాది చెన్నై, పశ్చిమ మాంబళం. 11 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న హాలులో కర్ణాటక సంగీత కచేరీలు, పాత సినిమా పాటలు వింటూ ఉంటాను. సోఫా వెనుక గోడకు ఆనించి ఉంటుంది. పాత రూపంతో కొత్తగా తయారవుతున్న జేబీఎల్ ఎల్‌100 క్లాసిక్, కేఎల్‌హెచ్ మోడల్ ఫైవ్, వార్ఫ్‌డేల్ లింటన్ స్పీకర్లను మూడు వేర్వేరు చోట్ల విన్నాను. వీటి ఊఫర్లు, అంటే బేస్ పలికించే పెద్ద కోన్లు, వరుసగా 12, 10, 8 అంగుళాలు. పెద్ద ఊఫర్ ఉన్నదే ఎక్కువ లోతైన బేస్ ఇవ్వాలి కదా? కాగితం మీద మాత్రం 8 అంగుళాల లింటనే ఇంకా కిందికి వెళుతుందని ఉంది. దేన్ని నమ్మాలి?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: కాగితం అబద్ధం చెప్పడం లేదు. అయితే మీరు చూసిన అంకెలన్నీ ఒకే కొలబద్దతో కొలిచినవి కావు. ఎల్‌100 క్లాసిక్‌కు జేబీఎల్ ఇచ్చిన 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు; ఈ అంకె ఎంత తగ్గితే బేస్ అంత లోతు) అనే అంకె, ధ్వని 6 డెసిబెల్స్ (ధ్వని బలానికి కొలత) తగ్గిపోయిన చోటు. లింటన్‌కు వార్ఫ్‌డేల్ ఇచ్చిన 40 హెర్ట్జ్, 3 డెసిబెల్స్ తేడాకు లోబడిన అంకె. 6 డెసిబెల్స్ తగ్గే చోటు దానికి 35 హెర్ట్జ్. మోడల్ ఫైవ్‌కు 3 డెసిబెల్స్ లెక్కన 42 హెర్ట్జ్ అనీ, 10 డెసిబెల్స్ తగ్గే చోటు 32 హెర్ట్జ్ అనీ కేఎల్‌హెచ్ చెబుతుంది. కాబట్టి ఎన్ని హెర్ట్జ్ అన్న అంకె పక్కన ఎన్ని డెసిబెల్స్ అని లేకపోతే ఆ అంకెతో పనిలేదు.

ఇక అంగుళాల మాట. స్పీకర్ ఎంత కిందికి వెళ్ళగలదనేది ఊఫర్ ఒక్కదాని మీదే ఆధారపడదు. లోతైన బేస్, తక్కువ శక్తితో ఎక్కువ ధ్వని, చిన్న పెట్టె అనే మూడింటిలో ఏ రెండింటినైనా పొందవచ్చు గాని మూడో దాన్ని వదులుకోక తప్పదు. ఈ సూత్రాన్ని హాఫ్‌మన్ ఇనుప నియమం అంటారు. కేఎల్‌హెచ్ పేరులోని ‘హెచ్’ ఆ హాఫ్‌మన్‌దే. ఆయన ప్రసిద్ధ పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కుమారుడు. ఎల్‌100 మూలరూపం 1970లో, స్టూడియో మానిటర్‌కు గృహరూపంగా వచ్చింది. స్టూడియోలో పెద్ద ధ్వనితో గంటల తరబడి మోగవలసిన స్పీకర్‌కు, అట్టడుగు స్వరం కన్నా చెదరకుండా గట్టిగా మోగడమే ముఖ్యం.

అలాగని 12 అంగుళాల ఊఫర్ వృథా అనుకోకండి. దాని కోన్ వైశాల్యం 8 అంగుళాల కోన్ కన్నా సుమారు రెండుంపావు రెట్లు ఎక్కువ. అదే ధ్వనికి అది ముందుకూ వెనుకకూ కదలవలసిన దూరం ఆ మేరకు తగ్గుతుంది, దానితో ధ్వని వికృతీ (డిస్టార్షన్) తగ్గుతుంది. ధ్వని పెంచినప్పుడు పెద్ద ఊఫర్ ఆయాసపడకుండా మోగుతుందని మనకు అనిపించేది అందుకే. పాత తరహా పెట్టెలకు ముందు పలక వెడల్పుగా ఉండటం వల్ల కూడా స్వరం నిండుగా, బొద్దుగా వినిపిస్తుంది. చాలామంది ‘పాత కాలపు బేస్’ అని మురిసిపోయేది నిజానికి ఈ 100 హెర్ట్జ్ పైనున్న నిండుతనాన్ని చూసే.

మీ విషయంలో నిర్ణయం తేలవలసింది పెట్టె రకం దగ్గర. లింటన్‌కు వెనుక రెండు, ఎల్‌100కు ముందు వైపు ఒకటి చొప్పున గాలి గొట్టాలు, అంటే పోర్టులు, ఉన్నాయి. మోడల్ ఫైవ్ పూర్తిగా మూసిన పెట్టె. 1954లో ఎడ్గార్ విల్చర్ ఏఆర్‌-1 స్పీకర్‌తో జనంలోకి తెచ్చిన పద్ధతి అది. పెట్టెలో బందీ అయిన గాలే కోన్‌కు స్ప్రింగులా పనిచేస్తుంది. పోర్టు ఉన్న పెట్టె ఒక హద్దు వరకు బేస్‌ను నిలబెట్టి, ఆ హద్దు దాటాక అష్టకానికి, అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ, 24 డెసిబెల్స్ చొప్పున ఒక్కసారిగా పడిపోతుంది. మూసిన పెట్టె కొంచెం ముందే తగ్గడం మొదలుపెట్టినా, అష్టకానికి 12 డెసిబెల్స్ చొప్పున నెమ్మదిగా దిగుతుంది.

ఈ నెమ్మది మన ఇళ్ళకు కలిసివస్తుంది. ఈ స్పీకర్లలో రెండింటి మూలరూపాలు పుట్టిన అమెరికాలో చాలా ఇళ్ళకు చెక్క చట్రం మీద జిప్సం పలకలే గోడలు. అవి బేస్‌ను కొంత తమలోకి తీసుకుని, కొంత బయటకు వదిలేస్తాయి. మన ఇటుక గోడలు, కాంక్రీటు కప్పు, టైల్స్ నేల దాన్ని అలాగే గదిలోకి తిప్పి కొడతాయి. మీ హాలు పొడవును బట్టి సుమారు 40 హెర్ట్జ్ దగ్గర, వెడల్పును బట్టి 51 హెర్ట్జ్ దగ్గర గది తానే మోగుతుంది. ఆ మోత అన్నిటికన్నా బలంగా ఉండేది గోడ దగ్గరే, అంటే మీరు కూర్చునే చోటే. ఆ 40, 51 హెర్ట్జ్ దగ్గరే బేస్ తగ్గకుండా నిలబడేలా తీర్చిన పోర్టు స్పీకర్‌ను తెచ్చి పెడితే గుమ్ముగుమ్మనే మోత రావడం ఖాయం.

మీరు వినే సంగీతాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒకటి శ్రుతిలో పాడే గాయకుని ఆధార షడ్జం 130 హెర్ట్జ్ దగ్గర, తంబురాలోని మంద్ర షడ్జం 65 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. కచేరీకి 30 హెర్ట్జ్ అవసరం దాదాపు ఉండదు. అవసరమైనది మృదంగం ఎడమ మూత పలుకు. రవ్వ ముద్ద అంటించిన ఆ మూత మీద గుంకీ వేసినప్పుడు స్వరం జారే తీరు వినిపించాలి. దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియాలి. గది మోత దాన్ని కప్పేస్తే ఎన్ని హెర్ట్జ్ కిందికి వెళ్ళినా లాభం లేదు.

మూడు చోట్ల మూడు స్పీకర్లు వినడమంటే మూడు గదులను పోల్చడమే. వీలైతే ఇంటికి తెప్పించుకుని, ఒకే చోట పెట్టి, ఒకే ధ్వని స్థాయిలో వినండి. బేస్ విషయంలో రెండు మూడు డెసిబెల్స్ తేడా కూడా చెవికి పెద్ద తేడాగా తోస్తుంది కనుక, ఎక్కువ ధ్వనితో మోగినదే మంచిదనిపించడం సహజం. ఆ మోసంలో నేనూ పడ్డాను. ఒక దుకాణంలో నాకు నచ్చిన జత గది మూలల్లో ఉండటం వల్లే అంత నిండుగా మోగిందని ఇంటికి తెచ్చాక గాని అర్థం కాలేదు. వినే ముందు సోఫాను గోడ నుంచి రెండడుగులైనా ముందుకు జరపండి. మీ హాలుకు, మీ సంగీతానికి నేనైతే మోడల్ ఫైవ్‌ను మొదట తెప్పించుకుంటాను. పెద్ద ధ్వనితో సినిమా పాటలు వినడమే ముఖ్యమైతే ఎల్‌100. లింటన్ మీద మనసు పడితే స్పీకర్లకు, వాటి వెనుక ఉన్న గోడకు మధ్య ఖాళీ వదలండి. అప్పటికీ మోత తగ్గకపోతే మెత్తని స్పాంజి ముక్కతో ఒక పోర్టును మూసి చూడండి.

ప్రశ్న: మా నాన్నగారి కాలం నాటి స్పీకర్లలో బేస్ పోయింది. ఊఫర్ మార్చాలా?
– ఒక పాఠకురాలు, తాంబరం

జవాబు: ముందు జాలీ తీసి, కోన్ చుట్టూ ఉన్న అంచును చూడండి. అది ఫోమ్ అయితే చెన్నై ఉక్కపోతకు పొడి పొడిగా రాలిపోయి ఉంటుంది. అంచు తెగాక కోన్‌ను మధ్యలో నిలిపే పట్టు తగ్గి, కోన్‌ను కదిలించే తీగచుట్ట (వాయిస్ కాయిల్) అయస్కాంతానికి రాసుకుంటుంది; మూసిన పెట్టె అయితే ఆ చిరుగుల్లోంచి గాలి కారిపోయి స్ప్రింగు గుణమే పోతుంది. ఊఫర్ మార్చనక్కరలేదు, అదే కొలత అంచు వేయిస్తే చాలు. గట్టి రబ్బరు అంచు మాత్రం వేయించకండి; కోన్ కదలిక బిగుసుకుపోయి, ఉన్న బేస్ కూడా తగ్గుతుంది.

ప్రశ్న: స్పీకర్ మీద రాసిన వాట్లు ఎక్కువైతే బేస్ ఎక్కువ వస్తుందా?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: రాదు. అది ఆ స్పీకర్ ఎంత శక్తిని తట్టుకోగలదో చెప్పే అంకె మాత్రమే.