వేదిక ఎక్కబోతున్న మా బుజ్జికి

గుంటూరు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఇద్దరు రచయితలతో నువ్వు ముఖాముఖి నడపబోతున్నావట. ఒకరిది కొత్త నవల, ఇంకొకరిది 1832-33లో మన గుంటూరు వైపు వచ్చిన నందన కరువు మీద చరిత్ర పుస్తకం. ఆ మాట చెప్పేటప్పుడు వాడి గొంతు వణికింది. నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ ఆ తరవాత నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఉత్తరం మొదలుపెట్టాను. ఫోనులో అయితే సగంలోనే "అర్థమైంది అత్తయ్యా" అని పెట్టేస్తావు.

నాకున్న మొదటి భయం అదే. ఎదుటివాళ్ళ మాట నువ్వే పూర్తిచేస్తావు. ఇంట్లో మేము సర్దుకుంటాం. వేదిక మీద రచయిత తడుముకుంటున్నాడంటే, ఇంతకుముందు ఎవరికీ చెప్పని మాట కోసం వెతుక్కుంటున్నాడని అర్థం. ఆ సమయంలో నువ్వు మాట అందిస్తే, మర్యాద కోసం నీ మాటే పట్టుకుని ముగించేస్తాడు. మీ తాతయ్యకు సాయంత్రం విజయవాడ ఆకాశవాణి వినకపోతే అన్నం దిగేది కాదు. రచయితలతో ముఖాముఖి వచ్చిన రోజు వంటింట్లో గిన్నె చప్పుడు కూడా కానిచ్చేవారు కాదు. జవాబు ఆలస్యమైతే మాకు రేడియో ఆగిపోయిందేమోనని అనుమానం వచ్చేది. తాతయ్య చెయ్యెత్తి "ఉండండి, ఆలోచిస్తున్నారు" అనేవారు. నువ్వూ అలా ఉండు తల్లీ. మనసులో పది అంకెలు లెక్కపెట్టు.

పుస్తకం రెండుసార్లు చదువు. ప్రశ్నలు ఫోనులో కాకుండా కాగితం మీద రాసుకో. రచయిత ఇంటిపేరు ఎలా పలకాలో ముందే అడిగి తెలుసుకో. అరగంట ముందు వెళ్ళి మైకు చూసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి చెబుతాను.

నేను గ్రంథాలయంలో పనిచేసే రోజుల్లో ఇక్కడ ఒక నవల పరిచయ సభ జరిగింది. రాసినావిడ పల్లెటూరి మనిషి, మొదటి నవల. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది కదా. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించదని చట్టంలో ఒక మెలిక ఉండేది. ఆ మెలిక మీదే ఆవిడ కథ అల్లింది. అక్కకు పెళ్ళయిపోయింది, చెల్లెలికి కాలేదు. ఒకరికి పొలం వస్తుంది, ఒకరికి రాదు. మధ్యలో పెద్దన్నయ్య. నేను ఆ పుస్తకం ఒక్క రాత్రిలో చదివాను.

సభలో నేను ముందు వరుసలో ఉన్నాను. ఆవిడ ఒడిలో తన ప్రతి ఉంది. చదివి వినిపించాలనుకున్న మూడు చోట్ల బస్సు టికెట్లు గుర్తు పెట్టుకుంది. చివర్లు బయటికి కనిపిస్తున్నాయి. ఆవిడతో మాట్లాడినాయన బాగా చదువుకున్నవాడు, మంచి గొంతు, ఊళ్ళో ఏ సభ అయినా ఆయనే ఉండాలి. రెండు మామూలు ప్రశ్నలయ్యాక, "ఇందులో పెద్దన్నయ్య మీ అన్నగారేనట కదా?" అన్నాడు. జనం నవ్వారు. ఆ అన్నగారు భార్యతో సహా రెండో వరుసలోనే కూర్చుని ఉన్నారు. ఆవిడ "లేదండీ, అంతా కల్పితమే" అంది. ఆయన అక్కడైనా ఆగాల్సింది. "నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా" అన్నాడు. అన్నగారు లేచి వెళ్ళిపోయారు. ఆ తరవాత సభలో వచ్చిన ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. పుస్తకం తెరవనే లేదు. టికెట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

కొన్నాళ్ళకు ఆవిడ మా గ్రంథాలయానికి వచ్చింది. ఏమి రాస్తున్నారని అడిగాను. "ఏమీ లేదండీ. పుట్టింటికి రాకపోకలు ఆగిపోయాయి" అంది. కాసేపటికి, "అక్కచెల్లెళ్ళు పొలం గట్టు మీద కూర్చుని మాట్లాడుకునే అధ్యాయం ఎన్నోసార్లు తిరగరాశాను. ఒక్కరైనా దాని గురించి అడుగుతారనుకున్నాను" అంది. ఆమె రెండో నవల రాలేదు. కొత్త పుస్తకాల జాబితా వచ్చినప్పుడల్లా ఆమె పేరు కోసం వెతికేదాన్ని.

ఆయన చెడ్డవాడు కాదు. జనాన్ని నవ్వించాలనుకున్నాడు. నీకూ జనాన్ని నవ్వించడం ఇష్టం, అందుకే ఇంత రాస్తున్నాను. నవల రాసినవాళ్ళను "ఇది ఎవరి కథ?" అని అడగకు. జనంలోంచి ఎవరైనా అడిగినా, నవ్వుతూనే ఆపి పుస్తకంలోకి మళ్ళించు. వాళ్ళంతట వాళ్ళు చెబితే వేరు సంగతి. చెల్లెలి వైపు నుంచే ఎందుకు చెప్పారు, కథ రిజిస్ట్రేషన్ అయ్యాక ఎందుకు మొదలైంది, ఏ అధ్యాయం రాసి తీసేశారు, ఇలాంటివి అడిగితే ఆవిడ ఎంత మాట్లాడేదో! ముగింపు మాత్రం నీ నోటి నుంచి బయటికి రాకూడదు.

చరిత్ర రాసినాయన దగ్గర మొహమాటం పెట్టుకోకు. అక్కడ "మీకెలా తెలిసింది?" అన్నదే అసలు ప్రశ్న. నందన అనే తెలుగు సంవత్సరం ప్రతి అరవై ఏళ్ళకూ తిరిగి వస్తుంది. 1832, 1892, 1952, మొన్న 2012. ఒక ముసలమ్మ పాటలో నందన అని వినిపిస్తే, అది ఏ నందనో ఎలా తేల్చారని అడుగు. పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది, ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే దానికి 590 కలుపుకోవాలి. ఫసలీ 1242 అంటే 1832-33, మన కరువు ఏడాది. గుంటూరు జిల్లాలో 5 లక్షల జనంలో 2 లక్షలమంది పోయారని గెజెటీర్లలో ఉంది. పదేళ్ళ జనాభా లెక్కలు మొదలైంది మరో నలభై ఏళ్ళకు. మరి ఆ మనుషులను ఎవరు లెక్కపెట్టారు? దారిలో పడిపోయినవాళ్ళు, మద్రాసు వైపు వలసపోయినవాళ్ళు ఒకే లెక్కలో కలిసిపోయారా? ఇది అడిగి చూడు. ఏళ్ళ తరబడి దస్త్రాల ముందు కూర్చున్న మనిషికి ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్ళే దొరకరు.

కైఫీయతుల, అంటే ఊళ్ళ చరిత్రలు రాసిన పాత దస్త్రాల ప్రస్తావన వస్తే జాగ్రత్త. అవి కుంపిణీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ సేకరింపజేసినవి, ఆయన 1821లోనే పోయాడు. అందులో కరువుకు ముందటి ఊళ్ళు కనిపిస్తాయి గాని ఈ కరువు కనిపించదు. ఇంకొకటి. కరువు వచ్చింది కాబట్టి ఆనకట్ట కట్టారని మనమందరం ఒక్క ముక్కలో చెప్పేస్తాం. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది 1855లో. మధ్యలో ఇరవై ఏళ్ళకు పైగా ఏం జరిగింది? ఎవరు అడిగారు, ఎవరు ఖర్చు ఎక్కువన్నారు? నాకు ఆ జవాబు వినాలని ఉంది.

చివర్లో మైకు అందుకుని ఉపన్యాసం మొదలుపెట్టే పెద్దవాళ్ళు ఉంటారు. "ప్రశ్న చెప్పండి బాబాయిగారూ" అని మెల్లగా అను. కానీ ఎవరైనా వాళ్ళ నాయనమ్మ చెప్పిన కరువు మాట ఎత్తితే ఆపకు. అది ఏ దస్త్రంలోనూ ఉండదు.

స్వరాజ్య మైదానంలో పుస్తక ప్రదర్శన జరిగే రోజుల్లో, బొమ్మల పుస్తకం వదలనని ఏడ్చిన పిల్లవు నువ్వు. ఆ దుమ్ములో నిన్ను ఎత్తుకుని అన్ని దుకాణాలూ తిరిగాను. ఇప్పుడు నువ్వు వేదిక మీద, నేను కింద. వెనక వరుసలో కూర్చుంటాను, నా వైపు చూడకు, తడబడతావు.

ఆదివారం ప్రశ్నల కాగితం తీసుకుని గుంటూరు రా. అంతకన్నా ముందు, ఈ రాత్రే ఆ నవల రాసినవారికి ఫోను చెయ్యి. సభలో ఏ పేజీ చదవాలనుకుంటున్నారో అడిగి, దానికి పది నిమిషాలు పక్కన పెట్టు.

ఆశీస్సులతో,
అత్తయ్య