క్రీడా ప్రశ్నలు–జవాబులు: బ్రేకుల్లేని సైకిల్ మీద క్రిస్టినా ఫోగెల్

ప్రశ్న: జర్మన్ సైక్లిస్టు క్రిస్టినా ఫోగెల్ స్ప్రింట్ వీడియో చూశాను. మొదట్లో ఇద్దరూ నత్తనడకన పోతున్నారు, మధ్యలో ఆగుతున్నారు కూడా. ఇదేం రేసు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అసలు పోటీ ఆ నత్తనడకలోనే ఉంది. 250 మీటర్ల ట్రాక్‌ మీద మూడు చుట్లు తిరగాలి, కానీ టైము కట్టేది చివరి 200 మీటర్లకే. ముందున్నవారు గాలికి ఎదురెళ్లాలి. వెనకున్నవారికి ఆ శ్రమ తక్కువ, పైగా ముందువారి ప్రతి కదలికా కళ్లెదుటే. అందుకే ఏటవాలు గట్టు మీద నిలిచిపోయి ప్రత్యర్థే ముందుకు పోక తప్పని పరిస్థితి తెస్తారు. 30 సెకన్లు దాటితే అధికారులు కదలమంటారు. మూడు రేసుల్లో రెండు గెలిచినవారిదే మ్యాచ్. ఈ ఆటలో ఫోగెల్ 2014, 2015, 2017, 2018లో ప్రపంచ చాంపియన్. కీరిన్ (మోటారు బండి వెనక వేగం పెంచుకుని, అది తప్పుకున్నాక గీత దాకా దూసుకెళ్లే పోటీ), టీమ్ స్ప్రింట్ (జట్టు పోటీ) కలిపితే మొత్తం 11 ప్రపంచ టైటిళ్లు.

ప్రశ్న: లండన్ ఒలింపిక్స్‌లో ఆమె జట్టు రెండోస్థానంలో వచ్చినా స్వర్ణం ఎలా దక్కింది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: 2012లో మహిళల టీమ్ స్ప్రింట్‌కు ఇద్దరే, రెండు చుట్లే. మొదటి చుట్టు నడిపినవారు గీత దగ్గర నిర్ణీత పరిధిలోనే పక్కకు తొలగాలి. అంతకుముందే రెండో ఆమె దాటేస్తే తప్పు. మొదటి రౌండ్‌లో బ్రిటన్, ఫైనల్లో చైనా ఈ తప్పే చేశాయి. బ్రిటన్ తప్పుతో జర్మనీకి ఫైనల్ దక్కింది, చైనా తప్పుతో స్వర్ణం. ఫోగెల్‌కు జోడీ మిరియం వెల్టె. అదృష్టమే అందామా? తప్పు చేయకుండా మార్చుకోవడమూ ఈ పోటీలో నైపుణ్యమే. పైగా ఆ ఏడాది ప్రపంచ టైటిలూ వాళ్లదే.

2016 రియోలో వ్యక్తిగత స్ప్రింట్ స్వర్ణం మాత్రం ఎవరి తప్పు వల్లా రాలేదు. ఫైనల్ రెండో రేసులో గీత దాటేటప్పుడు ఆమె సైకిల్ సీటు ఊడిపోయింది. చివరి క్షణంలో చేతులతో సైకిల్‌ను ముందుకు విసురుతారు, శరీరం వెనక్కి పోతుంది. ఆపైన చిక్కు వేరే: ట్రాక్ సైకిల్‌కు ఫిక్స్‌డ్ గేర్, చక్రం తిరిగినంతసేపూ పెడల్ ఆగదు. సీటు లేకుండా, బ్రేకు లేకుండా, తిరిగే పెడళ్ల మీద నిలబడే వేగం తగ్గించుకోవాలి. ఆమె పడలేదు.

ప్రశ్న: ఆమె ఆట ఎందుకు మానేసింది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: 2018 జూన్ 26న జర్మనీలోని కాట్‌బుస్ ట్రాక్‌లో శిక్షణలో పూర్తి వేగంతో వస్తూ, నిలబడ్డచోటు నుంచి బయల్దేరే సాధన చేస్తున్న మరో సైక్లిస్టును ఢీకొంది. వెన్నుపాము తెగి ఛాతీ కింది భాగం చచ్చుబడింది. 2009లో రోడ్డు మీద వ్యాన్ ఢీకొని కోమాలోకి వెళ్లి కూడా తిరిగి గెలిచిన మనిషి. ఈసారి ఆట ఆగింది. 2019లో ఎర్‌ఫుర్ట్ నగర కౌన్సిల్‌కు ఎన్నికైంది.