బండి బాబాయి జవాబులు: చౌకంతా బ్యాటరీలోనే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చైనా ఎలక్ట్రిక్ కార్ల మీదే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ముప్పై ఏళ్లు డైనమోలు, సెల్ఫ్ మోటార్లు విప్పి బిగించినవాణ్ని. కరెంటు బండి మాటెత్తితే కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓర్చుకోండి.

ప్రశ్న: చైనాలో ఎలక్ట్రిక్ కారు ఎనిమిది, తొమ్మిది లక్షలకే వస్తుందని మా అబ్బాయి రోజూ వీడియోలు చూపిస్తున్నాడు. అంత చౌకగా ఎలా ఇస్తారు? నాసిరకమా? అదే కారు మనకెందుకు రాదు?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: మీవాడు చెప్పింది నిజమే. బీవైడీ కంపెనీ సీగల్ అనే చిన్న కారును 2023లో 73,800 యువాన్లకు అమ్మకానికి పెట్టింది. అప్పటి రేటున మన డబ్బుల్లో తొమ్మిది లక్షల లోపే. తర్వాత అక్కడ కంపెనీలు ఒకరి మీద ఒకరు పోటీపడి ధరలు కోసుకుంటూ పోయాయి. 2025 మే నెలలో అదే కారు 55,800 యువాన్లకు దిగింది.

'చైనా మాల్' అనగానే మనకు కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న టార్చిలైటు గుర్తొస్తుంది. ఆ లెక్క ఇక్కడ నడవదు. ఎలక్ట్రిక్ కారులో అన్నిటికన్నా ఖరీదైనది బ్యాటరీ. బీవైడీ 1995లో షెన్‌జెన్‌లో మొదలైందే బ్యాటరీల కంపెనీగా. సెల్‌ఫోన్ కంపెనీలకు బ్యాటరీలు చేసి ఇచ్చేది. 2003లో ఓ చిన్న కార్ల కంపెనీని కొన్నాకే కార్లలోకి దిగింది. మిగతావాళ్లు కారు గీసుకుని బ్యాటరీ కోసం బజారుకు వెళ్లారు. వీళ్లు బ్యాటరీ చేతిలో పెట్టుకుని దాని చుట్టూ కారు కట్టారు. సొంత గిర్నీ ఉన్నవాడు టిఫిన్ సెంటర్ పెట్టినట్టన్నమాట. పక్క హోటలువాడు ఇడ్లీ ఆ ధరకు ఎలా ఇస్తాడు చెప్పండి?

ఇక ఆ బ్యాటరీ లోపలి సరుకు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, పొట్టిగా ఎల్ఎఫ్‌పీ. ఇంకో రకం బ్యాటరీలకు నికెల్, కోబాల్ట్ లాంటి ఖరీదైన లోహాలు కావాలి, దీనికి అక్కర్లేదు. బరువెక్కువ, అదే సైజులో కరెంటు కాస్త తక్కువే పడుతుంది. కానీ వేడెక్కినా తొందరగా అంటుకోదు, ఎక్కువ ఏళ్లు వస్తుంది. మే నెల ఎండలో రోడ్డు పక్కన బండి ఆపుకునే మనకు అదేం చిన్న విషయం కాదు. 2020లో బీవైడీ ఈ సెల్స్‌నే, అంటే బ్యాటరీ లోపలి విడి ముక్కల్నే, కత్తి అలుగుల్లా పొడుగ్గా, పల్చగా చేసి నేరుగా ప్యాక్‌లో, అంటే పెద్ద బ్యాటరీ పెట్టెలో, పేర్చేసింది. బ్లేడ్ బ్యాటరీ అని మీవాడి వీడియోల్లో వచ్చేది అదే.

సర్కారు చేయీ ఉందండోయ్. 2009 నుంచి 2022 చివరిదాకా అక్కడి ప్రభుత్వం కొనేవాళ్లకు సబ్సిడీ ఇచ్చింది. 2023కల్లా కార్ల ఎగుమతిలో చైనా జపాన్‌ను దాటేసింది. దాంతో మిగతా దేశాలకు టెన్షన్ మొదలైంది. 2024లో అమెరికా చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద నూటికి నూరు శాతం సుంకం వేసింది. ఐరోపావాళ్లు ఉన్న 10 శాతం మీద కంపెనీని బట్టి 35.3 శాతం దాకా అదనంగా వడ్డించారు.

మన దగ్గర పూర్తిగా తయారై వచ్చే కారు మీద సుంకం మామూలుగా 70 శాతానికి తగ్గదు. పోనీ ఇక్కడే చేద్దామంటే, సరిహద్దు దేశాల పెట్టుబడికి 2020 ఏప్రిల్ నుంచి కేంద్రం అనుమతి తప్పనిసరి. మన హైదరాబాద్‌కే చెందిన మేఘా ఇంజినీరింగ్‌తో కలిసి బీవైడీ వంద కోట్ల డాలర్ల ఫ్యాక్టరీ ప్రతిపాదన పెడితే 2023లో కేంద్రం కాదంది. అందుకే సీగల్ మనకు వీడియోలోనే. అలాగని బీవైడీ మనకు కొత్తేం కాదు. 2019లో శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు తిరగడం మొదలుపెట్టిన ఆర్టీసీ కరెంటు బస్సులు మేఘా వాళ్ల ఒలెక్ట్రా చేసినవి, టెక్నాలజీ బీవైడీది. మీరూ ఎక్కే ఉంటారు.

ప్రశ్న: పిల్లలు షోరూంలో ఎంజీ విండ్సర్ అనే ఎలక్ట్రిక్ కారు చూసి అదే కావాలంటున్నారు. మావారేమో అది చైనా కారు, ఇంట్లోకి రానివ్వను, దేశీ కారే కొందాం అంటున్నారు. ఎవరి మాట వినాలి బాబాయిగారూ?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మొగుడూ పెళ్లాల మధ్యకు నన్ను లాగకమ్మా. మీవారి అభిమానాన్ని తప్పుపట్టను. కాకపోతే బానెట్ మీద పేరు చూసి ఏ ఊరి బండో తేల్చే రోజులు పోయాయి. విండ్సర్‌కు మూలం చైనాలో వూలింగ్ వాళ్ల క్లౌడ్ అనే కారు. కానీ మన జేఎస్‌డబ్ల్యూ, చైనా సాయిక్ కలిసి పెట్టుకున్న కంపెనీ దాన్ని గుజరాత్‌లోని హాలోల్‌లో బిగిస్తుంది. అటు మహీంద్రా బీఈ 6 పక్కా మన కంపెనీ కారు. అందులో సెల్స్ బీవైడీవి! మరి ఏది దేశీ?

సెల్స్ ఇక్కడే చేయాలని మన పక్కనే మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఏటా 16 గిగావాట్ అవర్ల (కరెంటు నిల్వకు కొలత) సెల్స్ దాకా వెళ్లాలని వాళ్ల లక్ష్యం. నాకు చాలా సంతోషం. ఆ ఎల్ఎఫ్‌పీ సెల్ తయారీకి 2024లో లైసెన్సు తీసుకుంది మాత్రం చైనా బ్యాటరీ కంపెనీ గోషన్ వాళ్ల అనుబంధ కంపెనీ దగ్గరే. ముందు నేర్చుకోవాలి కదా, తప్పేముంది.

ఏది కొన్నా, తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ బండికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. మీవారికి ఈ మాట ముందు చెప్పండి.

ప్రశ్న: బ్యాటరీ అద్దెకిస్తాం, కారు ధర తగ్గుతుంది అంటున్నారు. లాభమేనా?
– క్యాబ్ డ్రైవర్, ఉప్పల్

జవాబు: విండ్సర్ వచ్చినప్పుడు 2024లో కారు 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయలు అన్నారు. దానికి చార్జింగ్ ఓ రూపాయిన్నర కలుపుకో, ఐదు. లీటరుకు పదిహేను ఇచ్చే పెట్రోలు బండికి, లీటరు 107 చొప్పున, ఏడు దాటుతుంది. తేడా రెండు రూపాయలే. నువ్వు ఎంత ఎక్కువ తిరిగితే అద్దె అంత పెరుగుతుంది తమ్ముడూ. సంతకం పెట్టేముందు ఈ రోజు రేటెంతో, నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతుందేమో అడుగు.

ప్రశ్న: దారిలో ఆగిపోతే ఎవరు చూస్తారు? మా వీధి మెకానిక్ చేయి కూడా పెట్టనంటున్నాడు.
– రిటైర్డ్ ఉద్యోగి, నల్లకుంట

జవాబు: నారింజ రంగు తీగల జోలికి పోనంతవరకు అతను అంత భయపడక్కర్లేదు. ఆ తీగల్లో మాత్రం వందల వోల్టులుంటాయి, ట్రైనింగు లేనివాళ్లు ముట్టుకోకూడదు.

మా అల్లుడి కారు సంగతి చెబుతా. కంపెనీ పేరెందుకులెండి. సంక్రాంతికి ఊరెళ్లి ఎనిమిది రోజులకు వచ్చేసరికి నిజాంపేట సెల్లార్‌లో బండి మొద్దు నిద్ర. రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. హెల్ప్‌లైన్‌కు చేస్తే రేపు క్రేన్ పంపిస్తామన్నారు. నేను రిమోట్ లోపల దాచి ఉండే ఉత్త తాళంచెవి లాగి తలుపు తీశాను, బానెట్ ఎత్తాను. మూలన మన పాత నేస్తం, 12 వోల్టుల మామూలు బ్యాటరీ. మీటర్ పెడితే ఎనిమిదిన్నర కూడా చూపించలేదు. కింద పెద్ద ప్యాక్‌లో చార్జి 70 శాతం ఉంది! అయినా దాన్ని బండికి కలిపే స్విచ్చు పడాలంటే ఈ చిన్నదాని కరెంటే కావాలి. ఏనుగు లేవాలంటే మావటి మేలుకోవాలి కదా.

నా పాత షాపు కుర్రాడు స్కూటర్ మీద ఒక బ్యాటరీ పట్టుకొచ్చి వైర్లు తగిలించాడు. డాష్‌బోర్డు వెలిగింది. "ఇంతేనా సార్, ఈవీ అంటే?" అని నవ్వాడు. కాబట్టి మీరు కారు తెచ్చుకునే రోజే ఆ చిన్న బ్యాటరీ ఎక్కడుందో, తాళంచెవి ఎలా లాగాలో షోరూంవాళ్లతో చేయించి చూడండి. కొత్తది రాణిగంజ్‌లోనే కొన్నాం. పాతది తీసుకుని కొంత తగ్గించాడు, ఎప్పటిలాగే.