సంతకం అడిగితే నాయనమ్మ ఎందుకు మొండికేస్తుంది?

ప్రశ్న: మాది గాజువాక దగ్గర స్టీల్ ప్లాంటు నిర్వాసితుల కాలనీ అండీ. మా నాయనమ్మ ఏ ఎలక్షనొచ్చినా పొద్దున్నే లైన్లో నిలబడి ఓటేసొస్తాది. అదే పింఛను వెరిఫికేషన్ అని ఎవరైనా కాగితం పట్టుకొస్తే మాత్రం "సంతకం ఎట్టమంటే ఎట్టీడమేనేటి, ముందు అందులో ఏటి రాసుందో సదువు" అని భీష్మించుకు కూర్చుంటాది. ఇది చాదస్తమేనా? — ఓ పాఠకుడు

జవాబు: చాదస్తమని నేననను. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రాష్ట్రం మొత్తం రోడ్డెక్కింది, 32 మంది ప్రాణాలు పోయాయి, చివరికి ప్లాంటొచ్చింది, సంతోషమే, కానీ దానికోసం 64 ఊళ్లు ఖాళీ అయ్యాయి కదా. భూములిచ్చినోళ్ల చేతికి ఆర్ కార్డులు, అంటే పునరావాస కార్డులొచ్చాయి, ఆ కార్డుంటే ఉద్యోగం అన్నారు. కొందరికొచ్చింది, వేల మందికి ఇప్పటికీ లేదు. దాంతో ఏమైందంటే ఒకప్పుడు పక్కపక్క పొలాలున్నోళ్లలో ఒకరికి క్వార్టర్, పీఎఫ్, పిల్లలకి ఇంజనీరింగు, ఇంకొకరికి అదే గేటు దగ్గర కాంట్రాక్టు కూలీ. సర్కారు మీద నమ్మకం పోవడం ఒకెత్తు, "వాడికెలా వచ్చింది, నాకెందుకు రాలేదు" అని పక్కింటోడి మీద కూడా పోయింది చూడండి, అది ఇంకా చెడ్డది, కలిసి అడగాల్సిన చోట కూడా జనం విడివిడిగా పైరవీలకి పోతారు. పైగా 2021లో ప్లాంటుని వంద శాతం అమ్మేస్తామని కేంద్రం అంటే, కార్డు దాచుకున్నోళ్లకి ఎలా ఉంటుంది?

ఏజెన్సీలో కథ కొంచెం వేరు. అక్కడా భూములు పోయాయి, గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనే 1970 నాటి 1/70 చట్టం ఉన్నా బొర్రా వైపు ప్రైవేటు మైనింగ్ లీజులిచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకెక్కితే 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే ఈ ఏజెన్సీ ప్రాంతాల్లో, సర్కారు కూడా ప్రైవేటు కంపెనీలకి భూమి లీజుకివ్వకూడదని తేల్చేసింది. కాగితం తమ వైపు నిలబడ్డం గిరిజనులు ఒక్కసారైనా చూశారు.

సిటీ సంగతి చెప్పేదేముంది, విశాఖ నగర కార్పొరేషన్ జీవీఎంసీకి 2007 తర్వాత మళ్లీ ఎలక్షన్ జరిగింది 2021లోనే. పాత కౌన్సిల్ గడువు 2012లోనే అయిపోయింది, ఆపైన డ్రైనేజీ పొంగితే తిట్టుకోడానికైనా కార్పొరేటర్ లేడు!

ఇక ఓటెందుకేస్తారంటారా? ఓటు నచ్చకపోతే ఐదేళ్లకి మార్చుకోవచ్చు, సంతకంతో పోయిన భూమి మళ్లీ రాదు. ఈసారి కాగితమొస్తే మీరే పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించండి, జిరాక్స్ ఒకటి ఆవిడ చేతికివ్వండి, వాళ్లు "ఇవ్వం" అంటే ఆర్టీఐ పెట్టండి.